రంగునకు కాపు: వాహనముల పైపూతల చరిత్రము

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమునకు పోయినవారు అచట పసుపువన్నె గల రోల్స్ రాయిస్ కారు నొకదానిని చూచియే యుందురు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కోరికమీద లండనునందలి బార్కర్ సంస్థవారు దేహము నిర్మింపగా 1912 ప్రాంతమున సిద్ధమైన ఆ సిల్వర్ ఘోస్టు, తన్ను కోరిన ప్రభువు 1911లోనే గతించుటచే ఆయనను మోయు భాగ్యమునకు నోచుకొనలేదు. తరువాతి కాలమునను అది వీథులలో తిరిగినది అత్యల్పము. శతవర్షములు దాటిన పిమ్మట, పునరుద్ధరణము పొంది, నీడపట్టున నిలిచి చూపరులను మెప్పించుచున్న ఆ పసుపురంగును చూచినప్పుడెల్ల నాకు తోచు ప్రశ్న యొక్కటి: ఎండకును వానకును వెఱవక నిత్యము పరుగిడవలసిన సామాన్యుని కారునకు ఇట్టి కాంతిని నిలుపుకొను నుపాయము కలదా?

ఈ ప్రశ్న నేడు ప్రతి షోరూములోను వినవచ్చుచున్నది. క్రొత్త కారు తాళపుచెవులు చేతికి రాకమునుపే, "పీపీఎఫ్ వేయింతురా, సిరామిక్ కోటింగు చాలునా?" అని విక్రేత యడుగును, వేలతో మొదలిడి లక్ష దాటు వఱకు ధరలు చెప్పును, కొనువాడు ఆ ధరకు జంకుచు, వలదనుటకు మనసొప్పక, ఇంటిల్లిపాదితో ఆలోచనలో పడును. దీనికి సమాధానము ధరల పట్టికలో దొరకదు. రంగునకు కాపుగా మనుష్యుడు ఏ కాలమున ఏ పూతను పూసెను, ఏది నిలిచెను, ఏది నిలువలేదు, ఎందుకు నిలువలేదు అను చరిత్రమును విచారించినప్పుడే అది తెలియవచ్చును.

మోటారు పుట్టకమునుపు, యూరపునందును అమెరికాయందును గుఱ్ఱపుబండ్లకు రంగు వేయుట వారముల తరబడి సాగు దీర్ఘకర్మగా నుండెను. కొయ్యను నునుపుచేసి, అవిసెనూనెతో కలిపిన సీసపు తెలుపును తొలిపూతగా పూసి, దానిపై మన లప్పము వంటి పూరకములను పెక్కు వరుసలు పట్టించి, నీటితో తడిపిన నురుగురాతితో అఱగదీసి, ఆపై రంగు వేసి, తుదకు పారదర్శకమైన వార్నిషును మరల మరల పూయుచుండిరి. జాంజిబారు తీరమునుండి వచ్చు కోపల్ అను గట్టి జిగురును అవిసెనూనెలో కాచి, టర్పెంటైనుతో పలుచన చేసిన ఆ వార్నిషు, పూసిన ప్రతిసారియు ఆఱుటకు దినములు పట్టెడిది. ఆ గదిలో ధూళి లేవకుండుటకై నేలపై నీరు చల్లుట, తలుపులు మూయుట, కుంచెనుండి వెండ్రుకయొకటి యూడి పూతలో చిక్కినను మరల మొదటినుండి రుద్దుట ఆ వృత్తిలో నిత్యకృత్యములు.

అందము నిచ్చునది రంగు. ఆ రంగునకు మాఱుగా ఎండను, వానను, బురదను తాను సహించి క్షీణించునది వార్నిషు. ఈ విభజనము ఆనాటి పనివారికి చక్కగా తెలియును. వార్నిషు శాశ్వతమని వారు నమ్మలేదు. కొంతకాలమునకు బండిని మరల పనివారియొద్దకు పంపి, మాసిన పైపూతను రుద్దించి, క్రొత్తపూత వేయించుట శ్రీమంతుల యిండ్లలో పరిపాటియై యుండెను. ఇక బండివాని కర్తవ్యములు వేఱుగా నుండెను. అశ్వశాలనుండి లేచు అమ్మోనియా వాయువు వార్నిషును మసకబార్చునని యెఱిగి బండిని గుఱ్ఱములకు దూరముగా వేఱు కొట్టములో నిలుపవలెను, బురద ఎండకమునుపే నీటితో నాననిచ్చి జాఱవిడువవలెను, ఎండలో కడుగరాదు, పొడిగుడ్డతో ధూళిని రుద్దరాదు, స్పంజితో నీరుపోసి కడిగి, మెత్తని తోలుతో తడి యార్పవలెను. నూఱేండ్లు దాటినను కడుగుటను గూర్చిన ఈ నియమములలో ఒక్కటియైన పాతబడలేదు.

పైపూతల చరిత్రమున మన దేశమునకును పాలు కలదు. ఇంగ్లీషువారు లాకరు అని పిలుచు మాటకు మూలము మన లాక్షాశబ్దమే. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై చిన్నపురుగులు స్రవించు లక్కను సేకరించి శుద్ధిచేసి దేశదేశములకు పంపుట భారతదేశమున ప్రాచీనమైన వాణిజ్యము. దాని పరిశోధనకై 1924లో రాంచీ సమీపమున ప్రత్యేకముగా ఒక సంస్థయే స్థాపితమైనది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిమెనపట్టి త్రిప్పుచు, రంగులక్కను దానికి ఒత్తిపట్టినచో, రాపిడివేడిమికే లక్క కరగి కొయ్యకు పట్టుకొనును. ఆ పూతను మొగలియాకుతో రుద్ది మెఱుగు తెచ్చుట లక్కపనివారి రహస్యము. బొమ్మకు ఇంతకుమించిన పూత లేదు. కాని నీరు తగిలి నిలిచినచో లక్కపూత తెల్లబాఱును, వేడికి మెత్తబడును. అందుచే ఎండవానలలో తిరుగు బండ్లకు అది పైకాపు కాజాలక, కొయ్యముడులను మూయుట మొదలగు లోపలిపనులకే పరిమితమైనది. ఒకచోట ఉత్తమమైన పూత వేఱొకచోట నిష్ప్రయోజనము కావచ్చునని ఈ లక్కయే మొట్టమొదట మనకు బోధించుచున్నది.

మోటారుకార్లు వేలసంఖ్యలో తయారగుట మొదలైన పిమ్మట వార్నిషు పద్ధతి యంత్రవేగమునకు తాళలేకపోయెను. హెన్రీ ఫోర్డు 1908లో వెలయించిన మోడల్ టీ కారు 1914 మొదలు 1925 వఱకు నల్లరంగుననే లభించెను. ఇతర సంస్థల కర్మాగారములలో రంగు ఆఱుటకై నిరీక్షించు కార్లు వారముల తరబడి కొట్టములు నింపుచుండెను. ఇంజను ఒకనాడు సిద్ధమైనను రంగు సిద్ధమగుటకు పక్షము పట్టెడిది.

ఈ చిక్కును విడదీసినది ఒక యుద్ధశేషము. ప్రత్తిని నత్రికామ్లముతో సంస్కరించి 1846లో షోన్‌బైన్ అను రసాయనజ్ఞుడు కనుగొన్న ప్రేలుడు ప్రత్తి, మొదటి ప్రపంచయుద్ధమున అపారముగా తయారై, యుద్ధము ముగియగనే తయారీదారులకు భారమయ్యెను. ఆ జాతి పదార్థమునే ద్రావకములలో కరగించి డ్యూపాంట్ సంస్థ 1923లో డ్యూకో అను లాకరును వెలువరించెను. జనరల్ మోటార్స్ వారి ఓక్లండ్ కారు 1924లో ఆ పూతతో నీలవర్ణమున అంగడి కెక్కెను. కుంచెకు బదులు స్ప్రే తుపాకి వచ్చెను. పక్షములు పట్టిన పని గంటలలో ముగియజొచ్చెను. నలుపు తప్ప రంగెఱుగని కార్లకు నీలములు, పచ్చలు, ఎఱుపులు సులభమయ్యెను. లక్కయిల్లు ఎట్లు భగ్గున మండెనో భారతకథ విన్న మనకు చెప్పనక్కఱలేదు. ఈ క్రొత్త లాకరును అంతటి అగ్నిప్రియమే యగుటచే రంగుషెడ్లలో నిప్పును గూర్చిన భయము ఆనాటినుండి పట్టుకొన్నది. సంస్థ పేరు మఱచినను మన పట్టణములలోని డెంటింగు, పెయింటింగు పనివారు డ్యూకో అను మాటను మఱువలేదు; కొయ్యసామానునకు స్ప్రేతో వేయు మెఱుగురంగును నేటికిని డ్యూకో పెయింటనియే పిలుతురు. నిర్మల బొమ్మల పనివారును ఆ రంగులను స్వీకరించిరి. అమెరికా కార్లకై పుట్టిన పూత గోదావరీతీరపు కొయ్యబొమ్మపై మెఱయుట వృత్తుల చరిత్రలో ముచ్చటైన ఘట్టము.

అయితే డ్యూకోలో ఒక లోపము కలదు. అది వార్నిషువలె తనంతట తాను మెఱయదు. రుద్ది మెఱుగు పెట్టవలెను. ఎండకు క్రమముగా సుద్దబాఱును. ఈ లోపమే మైనపు వ్యాపారమునకు రాచబాట వేసినది. షికాగోలో 1910లో పుట్టిన సైమనైజ్ అను మైనపు లేపనము ఎంత ప్రఖ్యాతమయ్యెననగా, కారుకు మెఱుగు పెట్టుటకు ఆ పేరే క్రియాపదముగా అమెరికనుల వాడుకలోనికి వచ్చెను. ఈ లేపనములలో శ్రేష్ఠమైనది కర్నాబా మైనము. ఈశాన్య బ్రెజిలునందు పెరుగు, మన తాటికి దూరబంధువైన యొక వృక్షము, మండుటెండలో తన తేమను కాపాడుకొనుటకై ఆకులపై స్రవించుకొను పొర యది. చెట్టు తన యాకునకు కట్టుకొన్న కాపును మనుష్యుడు గీకి తెచ్చి తన కారునకు పూసికొనెను. వారములకో, మహా యైన కొలది నెలలకో అది కరగిపోవును, మరల పూయవలెను. ఆ కాలపు యజమాను లెవరును దానికి చింతింపలేదు. సెలవునాడు స్వయముగా కారు కడిగి మైనము పట్టించుట వారికి గృహకృత్యములలో ఒకటి.

1960వ దశకమున ఫోర్డు సంస్థవారు కారు దేహమును విద్యుత్తు ప్రవహించు రంగుతొట్టిలో ముంచి తొలిపూత వేయు పద్ధతిని ఆచరణలోనికి తెచ్చిరి. నేటి కార్లను తుప్పునుండి కాపాడునది ప్రధానముగా ఆ యడుగుపూతయే గాని పైనుండి పూయించుకొను ద్రవములు కావు. పిదప 1970, 1980 దశకములలో రంగుపూతను, పారదర్శకపు పైపూతను వేఱు చేసిరి. అడుగున వన్నె, దానిపై గాజువంటి క్లియర్ కోటు. కొంచెము యోచించినచో ఇది బండ్లవారి పాత వార్నిషు సిద్ధాంతమే యని తెలియును. భేదమేమన, నాడు వార్నిషును మరల మరల వేయించుకొనెడివారు, నేడు క్లియర్ కోటును కారు జీవితకాలమంతయు నిలుచునని వదలివేయుచున్నారు. దాని మందము సుమారు 40 మైక్రానులు, అనగా తలవెండ్రుక కంటె పలుచన. అతినీలలోహిత కిరణములను అడ్డగించు రసాయనములు దానియందే యిమిడి యుండును. యంత్రముతో పాలిష్ పట్టించిన ప్రతిసారియు అందు కొంత అఱగును. ఆ మేరకు కాపును తగ్గును. కర్మాగారమున ఈ పూతలను సుమారు 140 డిగ్రీల వేడిలో కాల్తురు. సీట్లును తీగెలును అమర్చిన కారును షెడ్డువాడు అట్లు కాల్చలేడు. పాతకారు కొనవచ్చినవాడు మనయూళ్లలో మొట్టమొదట "ఒరిజినల్ పెయింటేనా?" అని యడుగుట వట్టి చాదస్తము కాదు.

ఇటువంటి పూతకు మఱల కాపు కావలెనను కోరిక మీదనే నేటి వ్యాపారము లేచి నిలిచినది. మొదట వచ్చినది టెఫ్లాన్ కోటింగు. 1938 ఏప్రిల్ 6వ తేదీన రాయ్ ప్లంకెట్ అను రసాయనజ్ఞునికి యాదృచ్ఛికముగా చిక్కిన ఆ పదార్థమునకు ఏదియు అంటుకొనదన్న కీర్తి వంటపెనముల మూలమున ఇంటింటికి పాకెను. ఆ కీర్తినే కార్ల మెఱుగుపెట్టెలపై ముద్రించిరి. టెఫ్లాన్ 327 డిగ్రీల వేడివద్ద గాని కరగదు. పెనముపై అది పట్టుకొని నిలుచుట అంతకుమించిన వేడిలో కాల్చుటచేతనే. అంతవేడికి కారురంగు బూడిదయగును. మైనములో కలిపి గుడ్డతో రుద్దిన టెఫ్లాన్ చూర్ణము కారుపై పెనపుపూత ఎన్నటికిని కానేరదు. అయినను మన దేశమున ఎందఱో దానికై వేల రూపాయలు చెల్లించిరి. వారు పొందినది మంచి పాలిష్ మాత్రమే.

దాని పిమ్మట వచ్చినది సిరామిక్ కోటింగు. దీనిలో సత్యము ఎక్కువ, అతిశయోక్తియు ఎక్కువ. సిలికాను సంబంధమైన ద్రవములు గాలిలోని తేమతో కలిసి గట్టిపడి, గాజుజాతి పలుచని పొరయై క్లియర్ కోటును గట్టిగా పట్టుకొనును. మైనము నెలలలో పోవుచోట ఇది సంవత్సరముల కొలది నిలుచును. రసాయనములకు సులభముగా లొంగదు. మురికి త్వరగా అంటదు. కాని దాని మందము ఒకటి రెండు మైక్రానులు. ఎగిరివచ్చు కంకరరాయి నంతటి పొర ఆపజాలదు. కాఠిన్యము 9హెచ్ అని చెప్పుదురు. అది రత్నముల కాఠిన్యమును కొలుచు మానము కాదు, పెన్సిలుతో గీచిచూచు పరీక్ష. మిక్కిలి గట్టి పెన్సిలు గీత పడలేదని దాని భావము. ఇసుకరేణువు పెన్సిలు కంటె ఎన్నియో రెట్లు కఠినము.

ఈ పూతను వర్ణించుచు తామరాకును ఉదాహరింతురు. తామరాకుపై నీటిబొట్టు నిలువని రహస్యమును జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయమున విల్హెల్మ్ బార్ట్‌లాట్ సూక్ష్మదర్శినితో శోధించి, 1997లో సహచరునితో కూడి ప్రకటించెను. ఆకుపై కంటికి కానరాని గుబ్బలును, వాటిపై మైనపు స్ఫటికములును ఉండుటచేత బొట్టు గుండ్రముగా నిలిచి, ధూళిని వెంటబెట్టుకొని దొరలిపోవును. కారుపూత అట్టిది కాదు. అది నునుపైన పొర. నీరు పూసలుగా నిలుచును గాని అన్నియు జాఱిపోవు. నిలిచిన పూస ఎండలో ఆఱినచో అందలి లవణములు వలయములై మిగులును. బోరునీటితో కార్లు కడుగు మన ఊళ్లలో ఈ ఉప్పుమరకలు సిరామిక్ పూసిన కారుపై కూడ పడుచుండుటకు కారణ మిదియే. మొగలియాకు మెఱుగునిచ్చినది, బ్రెజిలు తాటియాకు మైనమునిచ్చినది. తామరాకు తన పేరును మాత్రమే ఇచ్చినది.

మిగిలినది పీపీఎఫ్ అను పారదర్శకపు పొర. దీని పుట్టుక రణరంగమున. 1937లో జర్మనీయందు ఒట్టో బేయరు కనుగొన్న పాలీయురెథేన్ జాతి పదార్థముతో అమెరికాలోని 3ఎం సంస్థ, 1960వ దశకపు వియత్నాం యుద్ధమున, ఇసుకయు రాళ్లును కొట్టి అఱగిపోవు హెలికాప్టరు రెక్కల అంచులకై ఒక పట్టీని సిద్ధపఱచెను. రెక్కలనుండి పందెపుకార్లకు, వాటినుండి 1990వ దశకమున సామాన్యపు కార్లకు అది సంక్రమించెను. తొలినాటి పొరలు ఎండకు పసుపెక్కి, అంచులు లేచి, కొన్నియేండ్లలోనే కన్నులకు కంటకములయ్యెను. తరువాత రసాయనక్రమమును మార్చి పసుపెక్కు గుణమును తగ్గించిరి. కారుమీద కత్తిపెట్టి కోయు నవస్థను తప్పించుటకు కంప్యూటరుతో ముందుగానే అచ్చుకోతలు కోసిరి. సన్నగీతలు వేడికి తామే పూడుకొను పైపొరను జోడించిరి. మన వేసవిలో నిలిపిన నల్లకారు రేకు చేయి పెట్టలేనంతగా కాలును గనుక ఆ గుణమునకు ఇచట వేఱే కొలిమి అక్కఱలేదు. 150 మొదలు 200 మైక్రానుల మందముగల ఈ పొర రాతిదెబ్బను నిజముగా తాను భరించును.

ఇక ఇవి ప్రయోజనకరములా యన్న ప్రశ్నకు వత్తము. రంగునకు శత్రువులు పెక్కురు. ఒక్కొక్క కాపు ఒక్కొక్క శత్రువునే యెదుర్కొనును. హైదరాబాదు, విజయవాడల నడుమ కంకరలారీల వెంట నిత్యము పోవు కారునకు బానెటు ముందంచు, బంపరు, అద్దముల వెనుకభాగము, చక్రముల వెంటనున్న అంచులు రాతిదెబ్బలు తిను తావులు. అచట పొర వేయించుట వివేకము. దేహమంతటికి వేయించుట లక్ష దాటు వ్యయము, కారును చిరకాలము ఉంచుకొనదలచిన వారికే యది చెల్లును. మరల రంగు వేయించిన భాగముపై పొర అంటించుట మంచిది కాదు. తీయునప్పుడు రంగును వెంట తీసికొనిరావచ్చును. కానుగ, చింత చెట్ల నీడలలో నిలుపు కారునకు, పక్షిరెట్టయు చెట్టుజిగురును నిత్యమైనచోట, సిరామిక్ పూత శ్రమను తగ్గించును. రెట్ట ఆమ్లము దానిని సయితము తినును గనుక వెంటనే కడుగు నలవాటు తప్పదు. భూగర్భపు పార్కింగులో నిలిచి, వారమునకు కొలది మైళ్లు తిరుగు కారునకు మంచి మైనమే చాలును. ఇక ఏ పూతయైనను వేయుటకు ముందు యంత్రపు పాలిష్ పట్టవలెనన్నచో, కాపుకొఱకు కాపును అఱగదీయుచున్నామని గుర్తుంచుకొని, అవసరమైనంత మట్టుకే చేయింపవలెను.

ఈ చరిత్రమంతయు ఒక్క విషయమును దృఢపఱచుచున్నది. నిజముగా పనిచేసిన ప్రతి కాపును తాను నశించి రంగును నిలిపినదే. వార్నిషు అఱగెను, మైనము కరగెను, నేటి పొరయు కొన్నియేండ్లకు ఊడబెఱికి మార్చవలసినదే. శాశ్వతమని యమ్మిన టెఫ్లాన్ మొదటినుండియు కాపు కాలేదు. కావున పొరకుగాని పూతకుగాని ధనము వెచ్చింపదలచినవారు, అది ఎన్నాళ్లు నిలుచును, నశించిన పిమ్మట దానిని తీయుట యెట్లు, మరల వేయుటకు ఎంతయగును అను మూడు ప్రశ్నలు వేసి, సూటియైన సమాధానము వచ్చినచోటనే వేయించుకొనవలెను. జీవితకాలపు హామీయన్న మాట విన్నచోటినుండి లేచి రావలెను.

మన నగరములలో కారురంగునకు అధికహాని చేయునది కంకరయు కాదు, రెట్టయు కాదు. అపార్టుమెంటులలో వేకువననే పది కార్లను ఒకే బకెట్టు నీటితో, ఒకే గుడ్డతో తుడుచునప్పుడు, పదవ కారుపై రుద్దబడునది తొమ్మిది కార్ల ఇసుక. ఎండలో నిలిచినప్పుడు ఆ రంగుపై కానవచ్చు సాలెగూటివంటి గీతలలో పెక్కు అట్లు పడినవే. తుడుచువానిది దోషము కాదు. ఆ బకెట్టును, ఆ గుడ్డను ఇచ్చినవారము మనమే. లక్ష రూపాయల పొరను వేయించు యోచన చేయు గృహస్థుడు, దానికి ముందుగా ఆ తుడుచువానికి రెండవ బకెట్టును, నాలుగు మెత్తని గుడ్డలను కొనియిచ్చి, పొడిగా తుడువవలదని, ముందు నీరుపోసి ధూళిని జాఱవిడువుమని చెప్పి, ఆ యదనపు శ్రమకు తగిన జీతము పెంచినచో, గుఱ్ఱపుబండ్ల కాలమున స్పంజి పట్టిన చేయి ఎఱిగిన విద్య మరల మన వాకిట నిలుచును.